క్లబ్బు వెబ్‌సైట్ సొంతంగా చేసుకోవచ్చా? చేసుకోవచ్చు మాస్టారూ, కానీ తాళాలు క్లబ్బు దగ్గరే ఉండాలి

మాస్టారూ, మీ ప్రశ్న ఇదీ అనుకుంటున్నాను. స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, ఈ జులై నుంచి మీ ఊరి లయన్స్ క్లబ్బుకి సెక్రటరీ మీరే, కొత్త ప్రెసిడెంట్ గారు వెబ్‌సైట్ ఉండాల్సిందే అంటున్నారు, ఊళ్ళో కుర్రాడొకడు చేసిపెట్టడానికి 35 వేలు, ఆ తర్వాత ఏడాదికి 12 వేలు చెప్పాడు. మీకేమో వర్డు, వాట్సాప్ తప్ప రావు. నేర్చుకుని నేనే చెయ్యగలనా, ఎన్నాళ్ళు పడుతుంది, దేంతో మొదలెట్టాలి అని అడిగారు.

చెయ్యగలరండి. రోజుకి గంట కూర్చుంటే నెల రోజుల్లో అయిదారు పేజీల శుభ్రమైన సైట్ మీ చేత్తో మీరే పెట్టుకుంటారు. గూగుల్ సైట్స్‌తో మొదలెట్టండి, అది సైట్ కట్టుకోవడానికి గూగుల్ వాళ్ళిచ్చే పనిముట్టు, ఫ్రీ, ఖర్చల్లా డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, ఒక్కటే, డాట్ ఇన్ అయితే ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల లోపే. వర్డ్‌ప్రెస్ అని సైట్లు కట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఇప్పుడే వద్దు, ఎందుకో కింద చెప్తాను. కానీ నేనింత పొడుగ్గా రాయడానికి కారణం వేరే ఉంది. సైట్ కట్టడం పెద్ద కష్టం కాదు. మీరు పదవి దిగిపోయాక కూడా అది క్లబ్బు చేతిలోనే ఉండేలా చూడటం, అందులో రాసిన ప్రతి తేదీ నిజమయ్యేలా చూడటం కష్టం. మీరు నేర్చుకోవాల్సిన దాంట్లో సగానికి పైన ఇదే.

నా సంగతి చెప్తాను. మాది పశ్చిమ గోదావరి, డీటీపీ సెంటర్ నడుపుతాను, శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల డిజైన్లు. 2013లో క్లబ్బులో చేరాను, అప్పట్నుంచి మా క్లబ్బు సైట్ నేనే చూస్తున్నా, చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులవి ఇంకో నాలుగు కూడా, అందులో రెండు రోటరీ వాళ్ళవి. కంప్యూటర్ కోర్సు ఏదీ చెయ్యలేదు, ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, అంతా చూస్తూ చేస్తూ నేర్చుకున్నదే. కాబట్టి మీకు రాదేమో అన్న భయం పక్కన పెట్టెయ్యండి.

ముందు తాళాల సంగతి. లయన్స్ అయినా రోటరీ అయినా క్లబ్బు సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ముగ్గురూ మారిపోతారు. బ్యాంకులో సంతకాలు మార్పించుకుంటాం, మినిట్స్ బుక్కు, స్టాంపు, గంట, సుత్తి అన్నీ కొత్తవాళ్ళకి అప్పజెప్తాం. వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఎవరూ అప్పజెప్పరు, ఎందుకంటే అదొక ఆస్తి అని ఎవరికీ అనిపించదు. కొన్ని క్లబ్బుల సైట్లు తెరిచి చూడండి, మూడేళ్ళ కిందటి ప్రెసిడెంటు గారి దండ వేసిన ఫొటో ఇంకా అలాగే ఉంటుంది. బద్ధకం కాదండీ అది, మార్చడానికి తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

మాకూ అదే జరిగింది. నేను చేరేనాటికే క్లబ్బుకి ఒక సైట్ ఉంది. చేసినాయన డొమైన్ తన పేరు మీద, తన సొంత ఈమెయిల్‌తో కొన్నాడు. మోసం చేద్దామని కాదు, తేలికని అలా చేసుంటాడు. తర్వాత ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు, నంబరు మారింది, రెన్యువల్ మెయిల్స్ ఆయన ఎప్పుడో వదిలేసిన మెయిల్‌కి వెళ్ళాయి. డొమైన్ గడువు అయిపోయింది. గడువు దాటాక కూడా కొన్నాళ్ళు పాత ఓనరుకే తిరిగి ఇస్తారు, మొదట మామూలు రేటుకి, తర్వాత పెద్ద జరిమానాతో. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. మాది ఎవరో కొనుక్కున్నారు. కొన్నాళ్ళకి ఆ అడ్రస్ కొడితే బెట్టింగ్ పేజీ వచ్చేది. అప్పటికే మా లెటర్‌హెడ్ల మీద, కంటి ఆపరేషన్ల కార్డుల మీద, స్కూళ్ళకి ఇచ్చిన నోట్‌బుక్కుల అట్టల మీద ఆ అడ్రస్ అచ్చయి ఉంది, అచ్చేసింది నేనే. పిల్లల నోట్‌బుక్కు మీద ఉన్న అడ్రస్ జూదం పేజీకి పోతుందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మిగిలిన పుస్తకాల మీద స్టిక్కర్లు అంటించాం, పంచేసిన వాటికి మాత్రం ఏం చెయ్యగలం. పాత సైట్‌లోని మేటర్ కొంత ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో దొరికింది, అది పాత వెబ్‌పేజీలని దాచి ఉంచుతుంది, అక్కడ్నుంచి పేజీ పేజీ కాపీ చేసుకున్నా. ఫొటోలు చాలావరకు పోయాయి.

కాబట్టి సైట్ గురించి ఆలోచించకముందే ఈ పన్లు చెయ్యండి. క్లబ్బు పేరుతో కొత్త జీమెయిల్ ఒకటి తెరవండి, మీ పేరుతో కాదు. డొమైన్ ఆ మెయిల్‌తోనే, క్లబ్బు పేరు మీదే, క్లబ్బు అకౌంట్ నుంచి డబ్బు కట్టి కొనండి, బిల్లు ఫైల్లో పెట్టండి. ఒక ఏడాదికి కాదు, మూడేళ్ళకో అయిదేళ్ళకో ఒకేసారి కట్టెయ్యండి, డాట్ ఇన్ పేరు పదేళ్ళ దాకా కట్టుకోవచ్చు. ఆటో రెన్యువల్ పెట్టినా దాని మీదే నమ్మకం పెట్టుకోకండి, కార్డు మారితే అది పనిచెయ్యదు. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెరవడానికి రికవరీ ఫోన్ నంబరు ఒకరిది, రికవరీ మెయిల్ ఇంకొకరిది ఇవ్వండి, ఇద్దరూ వచ్చే ఏడు కూడా క్లబ్బులో ఉంటారని నమ్మకం ఉన్నవాళ్ళయితే మంచిది. డొమైన్ ఏ కంపెనీలో ఉంది, గడువు ఏ తారీకు, ఏ మెయిల్‌తో ఉంది, ఇవన్నీ మినిట్స్ బుక్కులో తీర్మానంగా రాయించండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండి, కాగితం మీద రాసి కవర్లో సీలు చేసి ట్రెజరర్ దగ్గర పెట్టండి, జులై 1న ఆ కవరు కూడా చేతులు మారాలి. ఇంకో మాట, గూగుల్ అకౌంట్ రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే వాళ్ళు దాన్ని తీసేసే అవకాశం ఉంది, 2023 చివర్నుంచి ఆ రూల్ అమల్లో ఉంది, అందుకని ఆ మెయిల్‌ని నెలకోసారైనా తెరుస్తూ ఉండాలి.

డొమైన్ పేరు విషయంలో ఒక జాగ్రత్త, లయన్స్ అన్న పేరు, ఆ లోగో మన పై సంస్థ లయన్స్ క్లబ్స్ ఇంటర్నేషనల్ వాళ్ళ ట్రేడ్‌మార్కులు, మన ఊరి పేరుతో కలిపి ఇది ఫలానా క్లబ్బు అని తెలిసేలా వాడుకోవాలి, లోగో రంగులు మార్చడం, పక్కన పూలు పెట్టడం చెయ్యకండి. రోటరీకి కూడా అంతే. తెలుగులోనే డాట్ భారత్ అని కూడా డొమైన్ దొరుకుతుంది, నాకు చాలా ఇష్టం, కానీ ఫోన్లో చెప్పినప్పుడు అవతలివాళ్ళు ఇంగ్లీషులోనే కొడతారు, అందుకని ముందు డాట్ ఇన్ తీసుకోండి.

ఇక నేర్చుకోవడం. మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోకపోయినా పర్లేదు, తెల్ల కాగితాలు తీసుకుని ఒక్కో పేజీకి ఒక్కో కాగితం పెట్టి మేటర్ రాయండి. మేము ఎవరం, రాబోయే క్యాంపు, చేసిన పన్లు, సాయం కావాలంటే ఎవర్ని కలవాలి, విరాళం. ఈ అయిదూ చాలు. పాఠం చెప్పినవాళ్ళు కాబట్టి ఇది మీకు నాకంటే బాగా వచ్చు. రెండో వారం గూగుల్ సైట్స్‌లో అవి ఎక్కించడం, వర్డు వచ్చినవాళ్ళకి ఇది రెండ్రోజుల పని. మూడో వారం డొమైన్ కలపడం. ఇక్కడ డీఎన్ఎస్ అనే మాట వస్తుంది, భయపడకండి, ఈ పేరు కొడితే ఏ కంప్యూటర్‌కి వెళ్ళాలో చెప్పే చిరునామా పుస్తకం అది, అందులో గూగుల్ వాళ్ళు చెప్పిన వరుస ఒకటో రెండో కలిపి సేవ్ చెయ్యాలి, ఒక్కోసారి వెంటనే పనిచెయ్యదు, ఒక రోజు పడుతుంది, కంగారుపడి మళ్ళీ మళ్ళీ మార్చకండి. నాలుగో వారం క్లబ్బులో ఒక అయిదుగురి ఫోన్లలో తెరిపించి చూడటం. మనవాళ్ళు సైట్ చూసేది ఫోన్లోనే, అదీ ఎండలో నిలబడి, కళ్ళజోడు లేకుండా. అక్షరాలు పెద్దగా ఉండాలి.

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, అంటే వెబ్‌పేజీలు రాసే కోడ్ భాషలు, నేర్చుకోవాలా అంటే, కట్టడానికి అక్కర్లేదు, కానీ కొంచెం నేర్చుకుంటే మీకే ధైర్యం వస్తుంది. ఏది శీర్షిక, ఏది పేరా, లింకు ఎలా పెడతారు, ఇంతవరకు వస్తే చాలు, ఎవరైనా వచ్చి ఇది కుదరదండీ అన్నప్పుడు కుదురుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైట్‌లో డబ్బు లేకుండా నేర్పుతారు, యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు పాఠాలున్నాయి.

వర్డ్‌ప్రెస్ ఎందుకు వద్దన్నానంటే, అది మంచిదే, ఫ్రీయే, 2003 నుంచి ఉంది, నేను చూసే అయిదు సైట్లలో మూడు దానిమీదే ఉన్నాయి. కానీ అది పెంపుడు ఆవు లాంటిది, వదిలెయ్యకుండా చూసుకుంటూ ఉండాలి. హోస్టింగ్‌కి (సైట్ ఫైళ్ళు ఉంచే కంప్యూటర్ అద్దెకి) ప్రతి ఏడాదీ డబ్బు కట్టాలి, వర్డ్‌ప్రెస్‌కి, దాని థీమ్‌కి (సైట్ రూపానికి), ఒక్కో ప్లగిన్‌కి (అదనంగా తగిలించే సౌకర్యానికి) అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, వెయ్యకపోతే దొంగలు దూరతారు. ఒక క్లబ్బులో పాత ఆయన డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్‌ని ఎక్కడో ఫ్రీగా దొరికిందని దించి పెట్టాడు. అలాంటి వాటిలో ముందే దొంగ కోడ్ పెట్టి ఉంచుతారు. మనం తెరిస్తే సైట్ మామూలుగానే కనపడేది, గూగుల్లో వెతికితే మాత్రం క్లబ్బు పేరు కింద మందుల అమ్మకాలు, క్యాసినోలు వచ్చేవి, మేం కనిపెట్టేసరికి నాలుగు నెలలైంది. మొత్తం తుడిచేసి బ్యాకప్ నుంచి మళ్ళీ కట్టాల్సి వచ్చింది, అదృష్టం కొద్దీ బ్యాకప్ వేరేచోట ఉంది. క్లబ్బులో ఇంకో ఇద్దరు నేర్చుకుని, నెలకి ఒక గంట దీనికి కేటాయిస్తారని తేలాక అప్పుడు వెళ్ళండి వర్డ్‌ప్రెస్‌కి. గూగుల్ సైట్స్‌లో ఇవేవీ ఉండవు, అప్‌డేట్లు వాళ్ళే చూసుకుంటారు. దానికున్న లోటు, అక్కడ కట్టినదాన్ని ఎత్తుకెళ్ళి వేరేచోట పెట్టలేరు, మళ్ళీ కట్టుకోవాలి, అందుకే మేటరూ ఫొటోలూ వేరే ఫోల్డర్‌లో ఎప్పుడూ ఒక కాపీ ఉంచుకోండి.

తెలుగు మేటర్ గురించి, ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. క్లబ్బు కరపత్రాలు, ఆహ్వానాలు అన్నీ నాలాంటి డీటీపీ వాళ్ళ దగ్గర అనూ ఫాంట్లలో చేయించినవే ఉంటాయి. ఆ ఫైల్ తెచ్చుకుని సైట్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, ఎందుకంటే అనూలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే తెలుగు, లోపల దాచేది వేరే కోడ్. సైట్‌కి యూనికోడ్ తెలుగే కావాలి, అంటే మీరు వాట్సాప్‌లో టైప్ చేసే తెలుగు. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి చదివి చూసుకోవాలి, అంకెలు కూడా. టైపింగ్ రాకపోతే ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేయించుకోండి, తర్వాత తప్పులు దిద్దుకోండి, మీ వయసువాళ్ళకి నేను ఇదే చెప్తాను. అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగానే ఉన్నాయి, సైట్ మేటర్‌కి మండలి గానీ నోటో గానీ బావుంటుంది, రామభద్ర హెడ్డింగులకి.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటుంది, ఫ్లెక్సీ కోసం చేసిన డిజైన్‌నే బొమ్మగా తెచ్చి సైట్‌లో పెట్టెయ్యడం. అందరూ చేస్తారు, నేనూ అయిదారేళ్ళు అదే చేశా. బొమ్మలో ఉన్న తెలుగుని గూగుల్ సరిగ్గా వెతకలేదు, ఫోన్లో చిన్నదైపోయి కనపడదు, చూపు లేనివాళ్ళకి అసలు లేనట్టే. 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్ సభకి వచ్చి అంధుల తరఫున యోధులుగా నిలబడమని అడిగింది, మన కంటి క్యాంపులన్నీ ఆ మాట నుంచి వచ్చినవే. మా క్లబ్బు ప్రతి ఏడాదీ తెల్లకర్రలు పంచుతుంది. ఒకసారి కర్ర తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు, పూర్తిగా చూపు లేదు, మీ సైట్ నా ఫోన్లో ఏమీ చదవట్లేదు సార్ అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోన్ సదుపాయం) పెట్టి మా పేజీ మీద వేలు జరిపితే అది ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్ అని చదివింది, అంతే. కర్రలు పంపిణీ చేసే తారీకు కూడా ఆ బొమ్మలోనే ఉంది. ఆ రాత్రే కూర్చుని మొత్తం టైప్ చేశా. తారీకు, స్థలం, ఫోన్ నంబరు ఎప్పుడూ అక్షరాలుగానే ఉండాలి, బొమ్మ కావాలంటే పక్కన పెట్టుకోండి. ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది, అందులో ఒక వాక్యం రాయండి, కంటి పరీక్ష చేయించుకుంటున్న వృద్ధురాలు అని, అది ఫోన్ చదివి వినిపిస్తుంది.

క్యాంపు పేజీ మీ సైట్‌కి ప్రాణం. ప్రెసిడెంటు గారి సందేశం ఎవరూ చదవరు మాస్టారూ, ఆయన దగ్గర అనకండి గానీ నిజం. జనం వచ్చేది క్యాంపు ఎప్పుడు, ఎక్కడ, ఏం తేవాలి, డబ్బు తీసుకుంటారా, ఆపరేషన్ అవసరమైతే ఆ రోజే తీసుకెళ్తారా, తోడు ఎవరైనా రావాలా, భోజనం పెడతారా, ఇవి తెలుసుకోవడానికి. అవి ఆ వరుసలోనే రాయండి. ఆధార్ జిరాక్స్, వాడుతున్న బీపీ, షుగర్ మందుల చీటీ తెమ్మని రాయండి. తారీకు రాసేటప్పుడు వారం, సంవత్సరం కూడా రాయండి. వచ్చే ఆదివారం అని మాత్రం రాయకండి.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, 2016లో అనుకుంటా, మా సైట్‌లో పాత క్యాంపు తారీకు తీసెయ్యలేదు. సంవత్సరం వెయ్యలేదు, 14వ తారీకు ఉదయం 8 గంటలకి అని మాత్రమే ఉంది. కువైట్‌లో పనిచేసే ఒకబ్బాయి అది చూసి ఊళ్ళో ఉన్న తల్లికి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ రెండు బస్సులు మారి, రెండు కళ్ళలోనూ శుక్లాలు, చేతిలో సంచీ, పొద్దున్నే వచ్చి మా క్లబ్బు హాలు గేటు ముందు కూర్చుంది. వాచ్‌మన్ నాకు ఫోన్ చేస్తే వెళ్ళాను. ఆ రోజు క్యాంపు లేదు, మళ్ళీ రెండు నెలలకి గానీ లేదు. మా మెంబరు డాక్టరు గారొకరు ఆవిడని చూసి, తెలిసిన ఆసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించారు, అంతా బాగానే జరిగింది. కానీ ఆవిడ అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది, మావాడు ఫోన్లో చూశాడు బాబూ, అబద్ధం ఎందుకు చెప్తాడు అంది. తప్పు వాళ్ళబ్బాయిది కాదు, నాది. అప్పట్నుంచి మా దగ్గర ఒక నియమం, క్యాంపు అయిపోయిన రోజు సాయంత్రం టెంటు విప్పకముందే నేను ఫోన్ తీసి ఆ పేజీ మారుస్తాను, ఈ క్యాంపు అయిపోయింది, తర్వాతి క్యాంపు తారీకు ఇంకా నిర్ణయించలేదు, అడగడానికి ఈ నంబరు అని. తారీకు తెలియకపోతే తెలియదని రాయడం కూడా సమాచారమే.

ఫొటోల దగ్గర రెండు మాటలు. ఫోన్ ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, వర్డ్‌ప్రెస్ లాంటి చోట అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగ్గా లేని పల్లెలో పేజీ తెరుచుకోదు, 1200 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గిస్తే 200 కేబీ లోపు వచ్చేస్తుంది, కంటికి తేడా తెలియదు. రెండోది, ఇది మనసుకి సంబంధించింది. కంటికి పట్టీ కట్టుకున్న ముసలాయన్ని, బియ్యం సంచీ అందుకుంటున్న వితంతువుని నలుగురు మెంబర్ల మధ్య నిలబెట్టి తీసిన ఫొటో సైట్‌లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అడగండి. ఇష్టమేనా అమ్మా, ఇది అందరికీ కనపడుతుంది అని తెలుగులో చెప్పి అడగండి, వద్దంటే వదిలెయ్యండి. స్కూలు పిల్లలవైతే తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి, పేరూ స్కూలూ ఫొటో కింద వెయ్యకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే. చట్టం లేకపోయినా మనం చెయ్యాల్సింది ఇదే.

రక్తదాతల జాబితా పెడదాం అని క్లబ్బులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు. వద్దండి. ఒకటి, ఆ నంబర్లకి, ముఖ్యంగా ఆడవాళ్ళ నంబర్లకి, అర్ధరాత్రి అడ్డమైన ఫోన్లూ వస్తాయి. రెండు, మగవాళ్ళు ఒకసారి ఇస్తే మళ్ళీ 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి, జాబితా పెట్టిన నెలకే అది తప్పుల తడక అవుతుంది, ఆపదలో ఉన్నవాడు పది నంబర్లు కొట్టి పది చోట్లా కాదనిపించుకుంటాడు. క్లబ్బు నంబరు ఒక్కటే పెట్టండి, జాబితా మీ దగ్గరుంచుకుని మీరే దాతకి ఫోన్ చెయ్యండి. బ్లడ్ బ్యాంకుల్లో ఏ గ్రూపు ఎంతుందో చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వానిది ఈ రక్తకోశ్ అని ఉంది, దాని లింకు ఇవ్వండి.

విరాళాల పేజీ, ఇక్కడ తొందరపడొద్దు. క్యూఆర్ కోడ్ క్లబ్బు అకౌంట్‌దే ఉండాలి, ట్రెజరర్ గారి సొంత ఫోన్‌పేది ఒక్క రోజుకి కూడా పెట్టకండి, ఆయన ఎంత మంచివారైనా సరే. పన్ను మినహాయింపు ఉందని రాసే ముందు ఆ మినహాయింపు రిజిస్ట్రేషన్ (80జీ అంటుంటారు) ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి, చాలాచోట్ల క్లబ్బుకి ఉండదు, క్లబ్బు పెట్టిన ట్రస్టుకి ఉంటుంది, అప్పుడు డబ్బు ట్రస్టు అకౌంట్‌కే రావాలి. నగదు రూపంలో 2,000 దాటి ఇస్తే దాతకి ఆ మినహాయింపు రాదు, అది కూడా ఒక లైను రాయండి. ఇక మన జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ అమెరికాలో ఉన్నవాళ్ళు ఉన్నారు, సైట్ చూడగానే పంపుతామంటారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మన వీధిలో పుట్టినవాళ్ళే అయినా ఆ డబ్బు విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ కింద విదేశీ విరాళం, రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు, తీసుకునేది కూడా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే. కాబట్టి అంతర్జాతీయ పేమెంట్ బటన్ లాంటిదేదీ పెట్టకండి, విదేశాల్లో ఉన్నవారు ముందు మాకు మెయిల్ చెయ్యండి అని రాయండి, మీ ఆడిటర్‌ని అడిగి సమాధానం ఇవ్వండి.

నెలకి చెయ్యాల్సిన పని పెద్దగా ఏమీ లేదు. మీటింగ్ అయిన మర్నాడు సైట్ తెరిచి మొదటి పేజీ నుంచి చివరిదాకా పైకి చదవండి, తప్పిన తారీకులు తియ్యండి, ఉన్న ఫోన్ నంబరుకి ఒకసారి డయల్ చేసి మోగుతుందో లేదో చూడండి (ఇది ఎవరూ చెయ్యరు), చేసిన ఒక పని గురించి నాలుగు లైన్లు ఒక ఫొటో వెయ్యండి, ఫోల్డర్ కాపీ పెన్‌డ్రైవ్‌లోకి. మీతోపాటు ఒక కుర్ర మెంబర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి, లియో క్లబ్బు (లయన్స్ వాళ్ళ యువజన క్లబ్బు) ఉంటే అక్కడి పిల్లల్ని పిలవండి, మీరు నేర్చుకున్నది వాళ్ళకి చెప్తూ ఉంటే జూన్ వచ్చేసరికి అప్పజెప్పడం వేరే పనిలా ఉండదు.

చివరిగా ఆ 35 వేల కుర్రాడి సంగతి. అతన్ని పొమ్మనకండి. పెళ్ళి ఫొటోల వాడికి ఇచ్చినట్టు పనికి డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు, రేటు కూడా మరీ అన్యాయం ఏం కాదు. నాలుగు సంగతులు అడగండి. డొమైన్ క్లబ్బు పేరు మీద, క్లబ్బు మెయిల్‌తో కొంటావా. హోస్టింగ్ అకౌంట్ మాదే ఉంటుందా, లేక నీదాంట్లో మాకు కొంచెం చోటు ఇస్తావా. ఏడాదికి 12 వేలకి నువ్వు చేసే పన్లేవో కాగితం మీద రాసిస్తావా. మేం వద్దనుకున్న రోజున మొత్తం ఫైళ్ళూ పాస్‌వర్డులూ ఎన్ని రోజుల్లో ఇస్తావు. అన్నిటికీ సూటిగా జవాబు చెప్తే, మొదటి నెల మీకు కూర్చుని నేర్పడానికి ఒక అయిదారు వేలు ఇస్తానని అడిగి చూడండి, డొమైన్ కలపడం లాంటి చోట పక్కన మనిషి ఉంటే మీ వారం రోజులు మిగులుతాయి. మొదటి ప్రశ్నకే అదంతా మేం చూసుకుంటాం సార్, మీకెందుకు అంటే మాత్రం టీ ఇచ్చి పంపెయ్యండి.